సుందరి టీచరు కొలిచిన సముద్రం

త్రిపురసుందరి గారికి ఏదైనా నచ్చిందంటే ఇంటిల్లిపాదికీ నచ్చి తీరాలి. ఒక ఏడాది పుట్టగొడుగులు నచ్చాయి. కాశీబుగ్గలోని వాళ్ల ఇంట్లో గడ్డి సంచులు ముందు వసారాలోకి, తర్వాత స్నానాల గదిలోకి, చివరికి భర్తగారి మంచం కిందికి చేరాయి. ఇంకో ఏడాది ఎండతో వంట నచ్చింది. అద్దాల పెట్టెలో పొద్దున పెట్టిన కందిపప్పు సాయంత్రానికి ఉడికింది. ఆ పప్పుచారు మర్నాడు మా బడికి తెచ్చి స్టాఫంతటి చేతా తాగించారు. బాగుందని నోటితో చెప్పేదాకా ఎదురుగా నిలబడే ఉన్నారు. అందుకని, నిరుడు ఆవిడకు సముద్రం అడుగు నచ్చిందని తెలిసినప్పుడు మేమెవరమూ ఆశ్చర్యపోలేదు. సముద్రం మంచం కిందికి రాదు కదా అని భర్త అప్పలనరసింహం గారు కాస్త నిబ్బరంగా కూడా ఉన్నారు.

ఆవిడా నేనూ వజ్రపుకొత్తూరు వైపు ఒక హైస్కూల్లో పనిచేస్తాం. ఆవిడది భౌతికశాస్త్రం, నాది తెలుగు. గాలి ఇటు తిరిగిన రోజున నేను పద్యం చెబుతుంటే వెనకాల సముద్రం హోరు వినిపిస్తుంది. అప్పలనరసింహం గారు టెక్కలిలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రం దిగుతారు. నెమ్మదైన మనిషి. గొడుగు లేకుండా ఏ కాలంలోనూ గడప దాటరు.

సుందరి గారి నాన్న సుమ్మాదేవి స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. ఆగే రైళ్లకన్నా ఆగకుండా పోయే రైళ్లే ఎక్కువగా ఉండే చోట పెరిగిన పిల్ల, ఆ రైళ్లన్నీ ఎటు పోతాయని అడిగి అడిగి తండ్రిని విసిగించేదట. పుట్టి పెరిగిన చోటికీ, కాపురమున్న చోటికీ కూడా సముద్రం బస్సులో అరగంట దూరమే. అయినా ఆవిడ చీలమండలు దాటి తడిసింది లేదు. కార్తీక పౌర్ణమికి వెళ్లడం, అల వచ్చినప్పుడు దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకోవడం, వెనక్కి రావడం. చిన్నప్పుడు అమ్మ 'చిన్నదానివి, లోపలికి పోకు' అనేది. తర్వాత భర్త 'పెద్దదానివి, లోపలికి పోకు' అనేవారు. ఈ రెంటి మధ్యా లోపలికి పోయే వయసు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో తనకు తెలియనే లేదని ఆవిడ నవ్వుతూ చెప్పేవారు.

టీచర్ల కోసం ఆన్‌లైన్లో ఒక శిక్షణ పెట్టారు. ఉపగ్రహాలు తీసిన చిత్రాలతో పాఠాలు ఎలా చెప్పాలో అందులో నేర్పుతారు. మాలో చాలామంది ఫోను తెరిచి పెట్టి వేరే పనులు చూసుకున్నాం. ఆవిడ మాత్రం కళ్లార్పకుండా విన్నారు. అక్కడ ఎవరో మాటవరసకు ఒక సంగతి చెప్పారట. ఒడ్డు దగ్గరి సముద్రం ఎంత లోతుందో ఆకాశం నుంచి తీసిన బొమ్మలో రంగును బట్టి లెక్క కట్టొచ్చని. అంతే. మర్నాడు స్టాఫు రూములో సుద్దముక్క పట్టుకుని మాకు పాఠం మొదలుపెట్టారు.

వెలుగు నీళ్లలోకి దిగుతుంది కదా, అందులో ఎరుపు రెండు మూడు మీటర్లకే అలిసిపోతుంది. ఆకుపచ్చ ఇంకొంచెం దిగుతుంది. నీలం అన్నిటికన్నా లోతుకు పోతుంది. అడుగున ఇసకను తాకి మళ్లీ పైకి వచ్చిన వెలుగులో ఏ రంగు ఎంత మిగిలిందో చూస్తే, అది ఎంత లోతు నుంచి తిరిగొచ్చిందో చెప్పొచ్చు. నీళ్లు తేటగా ఉండాలి. నాలుగైదు చోట్ల నిజం లోతు ముందుగా తెలిసి ఉండాలి. మిగతాది లెక్క. బొమ్మలంటారా, ఎవరైనా డబ్బు కట్టకుండా దించుకోవచ్చు.

మాకు అర్థమైందని చెప్పేదాకా కదలనివ్వరని తెలుసు కనుక అర్థమైందన్నాం. నాకైతే నిజంగానే కొంత అర్థమైంది. దిగినవాడు తిరిగొచ్చి ఎంత అలిసిపోయాడో చూసి బావి లోతు చెప్పడం లాంటిదన్నమాట.

నిజం లోతుల కోసం ఆవిడ తన పాత విద్యార్థి ఢిల్లేశ్వరరావుకు ఫోను చేశారు. అక్కుపల్లిలో అతనికి ఇంజను బోటు ఉంది. బడిలో లెక్కలంటే పారిపోయినవాడు ఇప్పుడు లెక్క అనగానే ఉత్సాహంగా వచ్చాడు. ఒడ్డుకు ఎదురుగా ఎక్కడ రెండు బారలు, ఎక్కడ మూడు, ఎక్కడ నాలుగు అని చేతులు చాచి చూపిస్తూ చెప్పాడు. చాచిన రెండు చేతుల పొడవు ఒక బార. ఆవిడ టేపుతో అతని చేతులు కొలిచి, బారలను మీటర్లు చేసి, ల్యాప్‌టాపులోకి ఎక్కించారు. ఇద్దరూ తల పక్కన తల పెట్టి చూస్తుండగా తెర మీద మన ఒడ్డు రంగుల్లో విచ్చుకుంది. తీరం వెంట లేత పసుపు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం. ఆవిడ కుర్చీలోంచి లేచి గదంతా ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్లీ కూర్చున్నారట.

అప్పుడు కనబడింది గొయ్యి.

చుట్టూ ఏడు మీటర్ల లోతున్న చోట, బొమ్మ అంచున, గుండ్రంగా, కాటుక పెట్టినట్టు నల్లటి నీలం. లెక్క ప్రకారం అక్కడ నలభై మీటర్లు.

"ఇరవై బారలు దాటిపోద్ది మేడం," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "మా తాతలు కూడా సెప్పనేదు. ఇదేటి మేడం?"

ఏమిటో తనకూ తెలియదనీ, వెళ్లి చూడాలనీ, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దనీ ఆవిడ అతనికి చెప్పారు. అతను ఎవరికీ చెప్పలేదు, భార్య పైడితల్లికి తప్ప. పైడితల్లి చేపల వేలంపాట జరిగే చోట ఒకే ఒక్క మనిషికి చెప్పింది. సాయంత్రానికి అక్కుపల్లంతా సముద్రంలో గొయ్యి గురించే మాట. మర్నాడు అది బస్సెక్కి పలాస చేరింది. జీడి ఫ్యాక్టరీల్లో పప్పు పొట్టు తీసే ఆడవాళ్ల మధ్య కూర్చుని బాగా బలిసింది. గోతిలో ఓడ ఉందన్నారు. ఓడలో కంచు గంటలున్నాయనీ, పోటు వచ్చినప్పుడు మోగుతాయనీ అన్నారు. విన్నవాళ్లు కూడా ఇద్దరు దొరికారు. టెక్కలి చేరేసరికి గొయ్యి నెమ్మదిగా ఒడ్డు వైపు జరుగుతోంది. అప్పలనరసింహం గారి ఆఫీసులో ఒకాయన, తీరం పక్క ఉద్దానంలో కొబ్బరితోట కొందామనుకుంటున్నాం, ఓ ఏడాది ఆగమంటారా అని ఆయన్నే సలహా అడిగాడు.

ఆయన మొదట మూడు రోజులు మొహం చాటేశారు. తర్వాత, పాతికేళ్లుగా ఎవరూ పట్టించుకోని తన బల్ల దగ్గరికి టీ గ్లాసులతో జనం రావడం మొదలైంది. మనిషికి కాస్త రుచి తగిలింది. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే భార్యను అడిగారు: "సుందరీ, నిజంగా ఉందంటావా?"

ఉందో లేదో బోటులో వెళ్లి చూస్తానని ఆవిడ అన్నారు. వద్దనాలని ఆయన నోరు తెరిచి, తానూ వస్తానన్నారు. ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియదని తర్వాత నాతో చెప్పుకున్నారు. ఇంట్లోవాళ్లు ఇద్దరూ వెళ్తుంటే సాక్షిగా ఒక బయటి మనిషి ఉండాలని నన్ను కూడా లాగారు.

ఫాల్గుణంలో ఒక ఆదివారం బయల్దేరాం. ఆ నెలల్లో మా సముద్రం మంచి మూడ్‌లో ఉంటుంది. గాలి పెద్దగా లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి. పైగా పొద్దెక్కాక ఉపగ్రహం మన మీదుగా పోయే రోజట అది. పైన అది చూస్తుండగా కింద మనం కొలవాలని సుందరి గారి పట్టుదల. నూలు చీర బిగించి కట్టి, కొంగు నడుముకు చుట్టి, దొరికినచోటల్లా పిన్నీసులు పెట్టుకుని వచ్చారు. చేతిలో పొడవాటి నైలాను తాడు, కొనకి రెండు కిలోల ఇనప తూకంరాయి. మీటరుకొకటి చొప్పున తాడుకు రంగుగుడ్డలు కట్టారు. అయిదో మీటరు దగ్గర తన పెళ్లినాటి చొక్కా ముక్కను అప్పలనరసింహం గారు గుర్తుపట్టి కాసేపు చేత్తో పట్టుకుని చూశారు.

గొయ్యి సంగతి తేలే రోజని తెలిసి ఒడ్డున తిరునాళ్లలా జనం. తలా ఒక చెయ్యి వేసి బోటును నీళ్లలోకి తోశారు. ఒడ్డు దగ్గరి అలలు దాటేటప్పుడు బోటు ముక్కు ఆకాశంలోకి లేచి దబ్బున కిందపడింది. నేను కళ్లు మూసుకున్నాను. అప్పలనరసింహం గారు రెండు లైఫ్‌జాకెట్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, గొడుగును చంటిబిడ్డలా పొదువుకుని కూర్చున్నారు. సుందరి గారు మాత్రం ముందు వైపు అంచు పట్టుకుని, ప్రతి అలకూ గుక్క తిప్పుకోకుండా నవ్వుతున్నారు. యాభై దాటిన మనిషి, బడిలో పిల్లలు పేరు చెబితే నిటారుగా కూర్చునే మనిషి, మొహం మీద ఉప్పునీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయి నవ్వుతున్నారు. నేను పొద్దున తిన్న ఇడ్లీలు సముద్రుడికి సమర్పించుకుని బోటు అడుగున చతికిలబడ్డాను.

ఫోనులో చోటు చూసుకుని ఢిల్లేశ్వరరావు ఇంజను ఆపాడు. గొయ్యి ఇక్కడే. నల్లగా ఏమైనా కనిపిస్తుందేమోనని అప్పలనరసింహం గారు వంగి చూశారు. సుందరి గారు తాడు వదిలారు. గుడ్డలు ఒక్కొక్కటే నీళ్లలోకి పోయాయి. పెళ్లి చొక్కా ముక్క పోయింది. ఆ తర్వాత ఇంకో రెండు పోయాయి. తాడు ఆగింది.

ఏడు మీటర్లు.

బోటు కొంచెం జరిపి మళ్లీ వదిలారు. ఏడే. అటు వైపు, ఇటు వైపు, ఎక్కడ వేసినా ఏడే. ఢిల్లేశ్వరరావు మొహం చిన్నబోయింది. ఒడ్డున అంతమంది ఉన్నారు, వాళ్లకేం చెప్పాలి?

"గొయ్యి నేదేటి మేడం?" అన్నాడు, ఎక్కడైనా మిగిలుందేమో అన్నట్టు.

అప్పలనరసింహం గారి పరిస్థితి ఇంకా దీనంగా ఉంది. సోమవారం ఆఫీసుకు వెళ్లాలి కదా.

అప్పుడు ఉన్నట్టుండి చల్లబడింది. నెత్తి మీదికి ఒక చిన్న మబ్బు వచ్చింది. మా చుట్టూ అప్పటిదాకా మెరుస్తున్న నీళ్లు ఒక్కసారిగా నల్లటి నీలంగా మారాయి, గుండ్రంగా, కాటుక పెట్టినట్టు. మబ్బు కదిలింది. మాతో ఉన్న నలుపు మమ్మల్ని వదిలేసి నీళ్ల మీద జారుకుంటూ ఒడ్డు వైపు వెళ్లిపోయింది. సుందరి గారు తాడు పట్టుకునే దాని వెనకాలే చూశారు. తర్వాత గబగబా ఫోను తీసి, ఉపగ్రహం బొమ్మను కత్తిరించకముందు ఎలా ఉందో అలా తెరిచారు. ఆవిడ బొమ్మ ఆపేసిన అంచుకు అవతల, సూర్యుడున్న వైపు, తెల్లగా, దూదిపింజంత మబ్బు.

"మబ్బును కత్తిరించి పారేశానండీ," అన్నారు భర్తతో. "దాని నీడను అట్టేపెట్టుకుని, ఆ నీడకి లోతు కట్టాను."

ఆ మాట పూర్తవుతుండగానే నవ్వు వచ్చేసింది. కడుపు పట్టుకుని, బోటు చెక్క మీద కూర్చుండిపోయి నవ్వారు. ఓడ, కంచు గంటలు, కొబ్బరితోట, అన్నీ ఒక మబ్బు పిల్ల పని. తప్పు చేసి అంత సంతోషపడిన మనిషిని నేనెక్కడా చూడలేదు. ముందు ఢిల్లేశ్వరరావు నవ్వాడు. తర్వాత వాంతుల మధ్య నేను. చివరగా అప్పలనరసింహం గారు, సోమవారాన్ని పక్కన పెట్టి. బోటు ఊగిపోయింది.

నవ్వు తగ్గాక ఆవిడకు ఇంకోటి గుర్తొచ్చింది. బొమ్మలో తెల్లగా ఉన్న చోటు కూడా ఒకటుంది. ఒడ్డుకు దూరంగా, లోతు నీళ్ల నడుమ, లెక్క ప్రకారం మీటరు కూడా లేని చోటు. అలల నురగ అయి ఉంటుందని దాన్ని పక్కన పెట్టేశారట. నలుపును నమ్మి మోసపోయాం, తెలుపును కూడా ఒకసారి అడిగి చూద్దామన్నారు.

ఢిల్లేశ్వరరావు తల గోక్కున్నాడు. "మునుపు దచ్చినం పక్కన ఇసక దిబ్బుండీది మేడం. తుపానుకి సెదిరిపోనాదనుకున్నాం. ఇక్కడ అల ఇరగట్నేదు కదా, ఉంటాదంటారా?"

ఆ రోజు ఒడ్డు దాటాక సముద్రం అంత నిదానంగా ఉంది మరి, అల విరగడానికి అలంటూ ఉంటేగా. అక్కడికి వెళ్లేసరికి పాటు వేళ, నీళ్లు బాగా దిగి ఉన్నాయి. అతను ఇంజను ఆపి, వెదురు గెడతో పొడిచి చూశాడు. గెడ కసుక్కుమని దిగబడి నిలబడింది. ఇంకో చోట పొడిచాడు. అక్కడా అంతే. చొక్కా విప్పి దూకాడు. మునుగుతాడనుకున్న మనిషి తొడల లోతు నీళ్లలో నిలబడి మా వైపు తిరిగాడు. కాళ్లతో నాలుగు వైపులా తొక్కి చూశాడు.

"ఇసకే మేడం. గట్టిగా ఉన్నాది."

సుందరి గారు కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టారు. ఢిల్లేశ్వరరావు చెయ్యి అందించాడు. బోటు అంచు మీదుగా ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు వేసి దిగారు. నీళ్లు నడుము దాకా వచ్చాయి. చెయ్యి వదిలేయమన్నారు. అతను వదిలాడు.

వెనకాల ఎంత చూసినా నీళ్లే. ముందు, దూరంగా, ఉద్దానం కొబ్బరిచెట్లు చీర అంచంత సన్నంగా. అంత సముద్రం నడుమ, కింద ఇసక మీద రెండు కాళ్లూ ఆనించి ఆవిడ నిలబడి ఉన్నారు. చిన్న చిన్న అలలు వచ్చి కొద్దిగా ఎత్తి, మళ్లీ దించుతున్నాయి. ఎత్తినప్పుడల్లా చేతులు పైకి లేస్తున్నాయి. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు తెలియలేదు. కళ్లజోడు నా దగ్గరుంది కాబట్టి ఆవిడకు కూడా మేం సరిగ్గా కనబడి ఉండం.

"ఏవండీ," అన్నారు, భర్త ఉన్న దిక్కుకేసి. "దీన్ని నేను ఇంట్లో కూర్చుని చూశానండీ. ఇప్పుడు దీని మీద నిలబడ్డాను."

అప్పలనరసింహం గారు ఇక చాలు ఎక్కెయ్యమని అనబోయి, ఎందుకో ఆగారు. మెల్లగా లేచారు. రెండు లైఫ్‌జాకెట్లతో, పంచె మోకాళ్ల పైకి కట్టి, ఒక చేత్తో బోటు, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని దిగారు. నీళ్లు తగలగానే ఓలమ్మో అన్నారు. అడుగులో అడుగు వేసుకుంటూ భార్య పక్కకు చేరి, గొడుగు విప్పి ఆవిడకు పట్టారు. ఎండగా ఉంది మరి.

ఒడ్డున చూస్తున్నవాళ్లకు అప్పుడు కనబడిందట, సముద్రం నడుమ ఒక నల్లగొడుగు, దాని కింద నడుము లోతున ఇద్దరు మనుషులు. ఒక్కసారిగా కేక లేచింది. అందుబాటులో ఉన్న బోట్లన్నీ బయల్దేరాయి. మొదటి బోటులోనే పైడితల్లి, ఒడిలో మరమరాల గిన్నెతో. కాసేపట్లో ఆ దిబ్బ మీద పాతికమంది దాకా పోగయ్యారు. ఒకరినొకరు పట్టుకుని గెంతారు. మరమరాలు చేతులు మారాయి, సగం నీళ్లపాలయ్యాయి. నా కడుపులో తిప్పుడు కూడా ఎక్కడికో పోయింది. నేనూ దిగి, సముద్రం మీద ఒక పద్యం ఎత్తుకున్నాను. మొదటి పాదం కాగానే అల ఒకటి వచ్చి నోరు నింపింది. పిల్లలు ఎవరూ చూడలేదు కనుక సరిపోయింది.

పోటు మొదలై నీళ్లు సుందరి గారి ఛాతీ దాకా వచ్చాక ఢిల్లేశ్వరరావు అందర్నీ తరిమి బోట్లు ఎక్కించాడు. ఆవిడ అందరికన్నా చివరగా ఎక్కారు. దారిపొడుగునా తాడు వేసి లోతులు కొలుస్తూనే వచ్చారు.

ఒడ్డుకు చేరగానే చేపల పాట జరిగే పాక దగ్గర నిలబడి, గొయ్యి లేదు, అది మబ్బు నీడ, తప్పు నాదే అని ఆవిడే చెప్పారు. జనం మర్యాదగా విన్నారు. ఎవరూ నమ్మలేదు. మేడం దొరికింది దాచుకున్నారని కొందరూ, గొయ్యి ఆదివారాలు మూసుకుంటుందని కొందరూ అనుకున్నారు. ఇప్పటికీ గంటలు వినేవాళ్లు వింటూనే ఉన్నారు. టెక్కలి ఆఫీసులో మాత్రం అప్పలనరసింహం గారు భయపడినంత ఏమీ కాలేదు. ఆయన నడిసముద్రంలో నిలబడి గొడుగు పట్టిన సంగతి ముందే చేరిపోయింది. అది చెప్పించుకోవడంలో గొయ్యి గురించి అడగడం అందరూ మర్చిపోయారు.

ఆ రోజు కొలిచిన లోతులతో ఆవిడ బొమ్మను మళ్లీ లెక్క కట్టారు, ఈసారి మబ్బునూ నీడనూ కలిపి తీసేసి. ఎన్ని చోట్ల చూసినా తాడుకూ బొమ్మకూ జానెడు, మూరెడు తేడా. దాన్ని పెద్ద ఫ్లెక్సీగా వేయించి పాకలో కట్టారు. బోట్లవాళ్లు దాని ముందు నిలబడి గంటలకొద్దీ వాదించుకునేవారు. మేకు ముక్కతో దాని మీద ఒక్కో చోటికీ తాము పెట్టుకున్న పేర్లు గీసేవారు, ఇది ఫలానావాడి వల చిరిగిన చోటు, ఇది పీతల గుంట అని. ఆ ఇసక దిబ్బకు 'టీచరమ్మ దిబ్బ' అని ఎవరు గీశారో తెలియదు. అలలు లేచిన రోజున బోట్లు దాన్ని చుట్టి వస్తాయి.

ఈ ఏడు వానలు వెళ్లి నీళ్లు తేటపడ్డాక కొత్త బొమ్మ వచ్చింది. స్టాఫు రూములో తెరిచి చూస్తే దిబ్బ అక్కడ లేదు. పేరు పెట్టిన దిబ్బే లేకుండా పోయిందే అని నాకు బాధ వేసింది. ఆవిడ మాత్రం ఉత్తరం వైపున రెండు కొత్త తెలుపుల మీద వేలు పెట్టి, అప్పటికే ఢిల్లేశ్వరరావుకు ఫోను కలిపేశారు.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాం. ఈసారి పైడితల్లి కూడా ఎక్కింది, ఊరికే చూస్తానని. రెండు సార్లు చూసి, మూడోసారి తాడు సుందరి గారి చేతిలోంచి తీసేసుకుంది. రాయి అడుగు తాకినప్పుడల్లా లోతు ఎంతో, చేపల వేలంపాట పాడేటప్పటి గొంతుతో ఇంజను మోతను మించి అరిచి చెప్పింది. సుందరి గారు రాసుకుంటూ, కొంచెం నెమ్మదిగా చెప్పమని బతిమాలారు. పైడితల్లి వినిపించుకోలేదు, అప్పటికే తర్వాతి చోట తాడు వదిలేసింది.